రెండో టేకు లేని పాట

నా దగ్గర మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' నాలుగున్నాయి. ఒక ఎల్పీ, రెండు సీడీలు, కాలేజీ రోజుల్లో ఒక మిత్రుడు ఎక్కించి ఇచ్చిన క్యాసెట్. ఇంటికొచ్చినవాళ్లు "అన్నీ ఒకటే కదరా" అంటారు. ఒకటి కాదు. 1959 మార్చి 2న న్యూయార్కులో మొదటి వైపు మూడు పాటలూ రికార్డు చేస్తున్నప్పుడు టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన యంత్రం పట్టిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది. అలాగే అచ్చేసి అమ్మారు. ఆ రోజు స్టూడియోలో జాగ్రత్త కోసం ఇంకో యంత్రం కూడా నడిచింది. ఆ రెండో టేపు బయటికి తీసి 1992లో సరిచేసేదాకా, 33 ఏళ్ల పాటు, లోకమంతా ఆ మూడు పాటల్ని వాయించినదానికన్నా కాస్త పై శ్రుతిలోనే విన్నది. రికార్డు పెట్టుకుని పక్కనే ట్రంపెట్ సాధన చేసినవాళ్లు ఎంతమంది తమ వాయిద్యాన్నే తిట్టుకున్నారో! నేను మొదట కొన్న సీడీ ఆ పాత ముద్రణే. నిజం చెప్పాలంటే నా చెవికి ఇప్పటికీ అదే అసలుది, సరిచేసిందే ఏదో దిగాలుగా ఉంటుంది.

ఆ సీడీ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. నిజాం కాలేజీలో చదువుతున్నా అప్పుడు. పాత ఇంజనీరింగ్ పుస్తకాల కుప్ప కింద, పెట్టె పగిలిపోయి ఉంది. యాభై రూపాయలు. జాజ్ అంటే ఏంటో తెలియదు, అట్ట మీద మనిషి ముఖం నచ్చింది. హాస్టల్‌కి తెచ్చి పెడితే గదిలో ఉన్న అచ్చంపేట దోస్తు "గిదేంది, బ్యాండు మేళమోడు నిద్రపోతా ఊదినట్టుంది" అన్నాడు. వాడు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్‌లో శవయాత్రల ముందు నడిచిన బ్యాండు మేళాల నుంచే ఆ ఊదుడు వచ్చింది. మా అమ్రాబాద్‌లో కూడా ట్రంపెట్ అంటే పెళ్లికో చావుకో వినపడేదే. అందుకేనేమో ఆ వాయిద్యం నాకు పరాయిదిగా అనిపించలేదు. వాయించే తీరు మాత్రం వింతగా ఉండింది. పాట ఎత్తుకుంటాడు, కాసేపటికి పాటను వదిలేసి ఎటో వెళ్లిపోతాడు, ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ వస్తాడు. వెళ్లినవాడు వస్తాడా రాడా అని మనకే ఆత్రం.

అక్కణ్ణుంచి మొదలైంది జబ్బు. గురువారాలు జుమ్మేరాత్ బజార్, ఆదివారాలు అబిడ్స్. ఉద్యోగమొచ్చాక పార్సిళ్లు. ఇప్పుడు నా దగ్గర రెండు బీరువాల రికార్డులున్నాయి. వాటిలో సగం ఒకే పాటకు వేరు వేరు రూపాలు. ఇది జాజ్ పోగేసేవాళ్లకు ఉండే పిచ్చి. పాత సినిమా పాటలు సేకరించేవాడికి ఒక పాట ఒకసారి దొరికితే చాలు, అక్కడితో వేట ఆగిపోతుంది. జాజ్‌లో అట్ల కుదరదు. మన కచేరీ భాషలో చెప్పాలంటే అంతా మనోధర్మం. అదే పాట, అదే మనుషులు, అరగంట తేడాలో రెండుసార్లు వాయిస్తే రెండు పాటలు అవుతాయి. 'కైండ్ ఆఫ్ బ్లూ'లో చివరిది, 'ఫ్లమెంకో స్కెచెస్'. దాని ఇంకో టేకు 1997లో సీడీ మీద కలిపి ఇచ్చారు. అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా కంఠతా వచ్చిందనుకున్న సోలో, ఆ రోజు వాళ్లు వాయించగలిగినవాటిలో ఒకటి, అంతే. నచ్చిందాన్ని కంపెనీ ఎంచుకుంది. మనం దాన్నే పాట అనుకున్నాం.

దీనికి తిరుగులేని ఉదాహరణ బిల్ ఎవాన్స్. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్కులో విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న నేలమాళిగ క్లబ్బు. పియానో, బేస్, డ్రమ్స్, ముగ్గురే. మధ్యాహ్నం రెండుసార్లు, రాత్రి మూడుసార్లు వాయించారు, అంతా టేపు చేశారు. గ్లాసుల చప్పుడు, ఎవరిదో నవ్వు, మాటలు, అన్నీ పడ్డాయి. సంగీతం మీద ఎవరికీ పెద్దగా పట్టింపు లేనట్టు వినిపిస్తుంది. పదకొండు రోజులకు బేస్ వాయించిన స్కాట్ లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు, పాతికేళ్లకే. ఆ తర్వాత ఆ ఒక్క రోజు టేపుల్లో ప్రతి ముక్కకూ విలువొచ్చింది. 2005లో మొత్తం పెట్టెగా వేశారు. అందులో మొట్టమొదటి పాట మధ్యలో శబ్దం ఠక్కున తెగిపోతుంది, కరెంటు పోయింది! తీసేయకుండా అట్లనే ఉంచారు. అది విన్నప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొస్తుంది.

మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి లోపలికి తిరిగితే అమ్రాబాద్. నల్లమల మీద పీఠభూమి. ఇప్పుడు ఆ పేరు చెబితే పులుల అభయారణ్యం అంటారు, కొందరికి 2019 నాటి యురేనియం గొడవ గుర్తొస్తుంది. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఇక్కడి చెంచుపెంటల్లో తిరిగి, 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వాటిని చూస్తూ కూచుంటే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది: ఈ మనుషులు నోరు తెరిచి ఉన్నారు, ఏం పాడుతున్నారో వినపడదు.

మా ఇంట్లో మాత్రం ఒక శబ్దం ఉంది. నాయిన బడిపంతులు. ఫిలిప్స్ టేప్‌రికార్డర్ ఒకటి ఉండేది, వైరు పెట్టి నడిపేది. 1993లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, నాయిన ఒక కిన్నెరాయన్ని పిలిపించి పండుగ సాయన్న కథ చెప్పించి రికార్డు చేశాడు. పండుగ సాయన్న మా పాలమూరు దొంగ, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడు, నిజాం కాలంలో చంపేశారు. చరిత్ర పుస్తకాల్లో వెతికితే ఆయనకు దొరికేది ఒకటో రెండో వాక్యాలు. కిన్నెర మీద మాత్రం రాత్రంతా ఉంటాడు.

కిన్నెర చూడనివాళ్లకు: వెదురు బొంగు, దాని కింద సొరకాయ బుర్రలు, బొంగు మీద తేనె మైనంతో నిలబెట్టిన మెట్లు. మా వైపుది పన్నెండు మెట్లది. తీగ మీటితే స్వరం వెంట సన్నగా ఒక జుమ్ముమనే మోత కూడా వస్తుంది, తుమ్మెద గోడకు కొట్టుకుంటున్నట్టు. వాయించేవాళ్లు ఎక్కువగా డక్కలివాళ్లు. మాదిగలకు జాంబ పురాణం చెప్పి, వాళ్లిచ్చేదాంతో బతికే ఆశ్రిత కులం. ఆ రోజు ఆయన మా వేపచెట్టు కిందనే కూచున్నాడు. నాయిన రమ్మన్నా అరుగు ఎక్కలేదు. టేప్‌రికార్డరేమో ప్లగ్గు ఉన్న చోట, తలుపు లోపల. వైరు అంతవరకే వస్తుంది. కాబట్టి ఆ క్యాసెట్‌లో మా అమ్మ చాటలో జొన్నలు చెరుగుతున్న చప్పుడు చెవి పక్కనే ఉంటుంది, కిన్నెర ఎక్కడో దూరంగా ఉంటుంది. పదిహేను అడుగుల దూరం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అడుగులు లెక్కపెట్టొచ్చు. ధ్వని ముద్రణ మీద ఇంగ్లీషులో బోలెడు చదివాను, మైకుకూ వాయిద్యానికీ మధ్య కులం ఉంటుందని ఎవరూ రాయలేదు.

క్యాసెట్ మీద నాయిన రాసిన పేరు "8వ తరగతి సాంఘికం". ఆ రోజుల్లో మా వైపు పాటల క్యాసెట్లంటే పోలీసులకు అనుమానం, అందులోనూ దొరలను కొట్టినవాడి పాట. అందుకని ఆ పేరు. తమాషా ఏమిటంటే, తర్వాత తెలంగాణ వచ్చాక ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలోకే పన్నెండు మెట్ల కిన్నెర, దర్శనం మొగులయ్య వచ్చి చేరారు. నాయిన అప్పటికి లేడు. ఉంటే ఆ లేబుల్ చూపించి వారం రోజులు నవ్వేవాడు.

అది సీ-90 క్యాసెట్, వైపుకు నలభై ఐదు నిమిషాలు. రాత్రంతా నడిచే కథ అందులో ఎట్ల పడుతుంది? నాయిన ఒక ఉపాయం చేశాడు. పాట వచ్చినప్పుడు రికార్డు, మాట వచ్చినప్పుడు పాస్ బటన్. టేపు పొదుపు. ఇదే పని అమెరికాలో డీన్ బెనెడెట్టి అనే ఒక సాక్సఫోన్ పిచ్చోడు చేశాడు. 1947, 48ల్లో చార్లీ పార్కర్ ఎక్కడ వాయిస్తే అక్కడికి యంత్రం మోసుకెళ్లి, పార్కర్ సోలో మొదలవగానే ఆన్, అయిపోగానే ఆఫ్. మిగతావాళ్లు ఏం వాయించినా అనవసరం. పోయాయనుకున్న ఆ రికార్డింగులు దొరికి 1990లో మొజాయిక్ అనే కంపెనీ పెట్టెగా వేసింది. వింటుంటే గమ్మత్తుగా ఉంటుంది. ఎక్కడా ఆరంభం లేదు, అంతం లేదు, మంట మీద మంట. పార్కర్ దేనికి జవాబు చెబుతున్నాడో తెలియదు, ఎందుకంటే ప్రశ్న వేసినవాణ్ణి బెనెడెట్టి ఆఫ్ చేశాడు. మా క్యాసెట్ కూడా అంతే. సాయన్న ఒక పాటలో గుర్రమెక్కి ఉంటాడు, మరుక్షణం సంకెళ్లలో ఉంటాడు. ఎట్ల దొరికాడో ఆ మాటల్లో ఉంది. ఆ మాటలు గాలికి పోయాయి. నాయిన్ని ఏమీ అనలేను. టేపు ఉన్నదే తొంభై నిమిషాలు.

నాయిన పోయాక ఆ క్యాసెట్‌ను కంప్యూటర్‌కి ఎక్కించడానికి హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి ఇచ్చాను. వాళ్లు ప్రేమగా "క్లీన్" చేసి ఇచ్చారు. హమ్ తీసేశారు, చాట చప్పుడు తీసేశారు, దాంతో పాటు కిన్నెర జుమ్ముమనే మోత కూడా పోయింది. మిగిలింది వింటే పాత సెల్‌ఫోన్ రింగ్‌టోన్ లాగుంది. అదృష్టం, క్యాసెట్ వెనక్కిచ్చారు. మంచి డెక్ ఒకటి కొనుక్కుని నేనే కూచుని ఎక్కించుకున్నాను, ఏదీ తుడవకుండా.

అప్పుడు వచ్చింది వేగం సంగతి. గొంతు చాలా సన్నగా ఉంది. మా టేప్‌రికార్డర్ కూడా నెమ్మదిగా తిరిగిందని నా అనుమానం. కానీ మా ఇంట్లో రెండో యంత్రం లేదు. కిన్నెరకు హార్మోనియంలాగా స్థిరమైన శ్రుతి కూడా లేదు, ఆ పూట గొంతును బట్టి బిగించుకోవడమే. దీనికి ఒక దారి ఉంది. కరెంటు మీద నడిచిన రికార్డర్ అయితే ఆ కరెంటు హమ్ టేపులో పడుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆ హమ్ కొలిస్తే వేగం తెలుస్తుంది. కొలిచాను, 51.5 వచ్చింది. అంటే మూడు శాతం తేడా అనుకుని సంబరపడ్డాను. తర్వాత విద్యుత్ శాఖలో పనిచేసే మిత్రుడొకడు నవ్వాడు. 1993లో మన దగ్గర కరెంటు నిజంగా 50లో ఎప్పుడుందిరా? లోడు ఎక్కువై 48.5కి పడిపోయిన రోజులు బోలెడు. 48.5 అయితే తేడా ఆరు శాతం పైనే, అంటే ఒక స్వరస్థానం. ఒక లెక్కకు ఆయన గొంతు సన్నని గొంతు, ఇంకో లెక్కకు బరువైన గొంతు. ఆయన ఎవరో చెప్పాల్సింది మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్!

ఈ లోపల లోకం కిన్నెర విన్నది. లింగాల మండలం అవుసలికుంట మొగులయ్య గారి గొంతు 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వచ్చింది. 2022లో పద్మశ్రీ. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్లు ఊళ్లు తిరిగి ఆ వాయిద్యాల్ని, వాయించేవాళ్లని వెతుకుతూ ఉన్నారు. 2024లో అదే మొగులయ్య గారు కూలిపనికి పోతున్నారని వార్తల్లో చూశాం. నా దోస్తులు ఇప్పుడు కిన్నెర అనగానే ఆ సినిమా ముక్క హమ్ చేస్తారు. బాగుంది, కాదనను. కొన్ని సెకన్లే అయినా కోట్లమంది విన్నారు. అయితే ఆ ముక్క విన్నప్పుడు నాకు 'ఫ్లమెంకో స్కెచెస్' రెండో టేకు గుర్తొస్తుంది. దొరికిన ఒక్క టేకే పాట అయిపోతుంది, మిగతా రాత్రులన్నీ లేనట్టే.

మా కిన్నెరాయన కొడుకు కోసం రెండేళ్లు వెతికాను. చివరికి అచ్చంపేట అవతల ఒక ఊళ్లో దొరికాడు. పేరు, ఊరు రాయను, ఆయన వద్దన్నాడు. యాభై దాటాయి. నన్ను చూసి "పంతులు సారు కొడుకువా" అని గుర్తుపట్టి కూచోబెట్టాడు. ఫోన్‌లో పాట పెట్టాను. మొదట ఎక్కించినట్టే, వేగం మార్చకుండా. కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"మా నాయిన గొంతు గింత సన్నం గాదు సార్."

మూడు శాతం తగ్గించింది పెట్టాను. "ఊఁ" అన్నాడు, ఒప్పుకోకుండా. ఆరు శాతం తగ్గించింది పెట్టాను. ఈసారి ఏమీ అనలేదు. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ల ఇంటామె లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. పాట అయిపోయాక అడిగాను, "ఇదేనా అన్నా?"

"గొంతు గిదే. పాట గిది గాదు. గా దినం ఆయనకు జరం. సారుకు మాటిచ్చిన అని అట్లనే ఒచ్చిండు. దమ్ము అందుతలేదు సూడు, ఆడాడ ఇడిసిపెట్టిండు. మంచిగున్ననాడు మా నాయిన పాడితే గిట్లుంటదా?" కాసేపాగి అన్నాడు. "దీన్ని ఎవ్వరికియ్యకు సార్. జరమొచ్చిన పాటను పట్టుకోని గిదే మా నాయిన అనుకుంటరు."

నేను అంతకు ముందు వారమే దాన్ని యూట్యూబ్‌లో పెడదామని అట్ట బొమ్మ కూడా తయారు చేయించి పెట్టుకున్నాను. ఆయన "విడిచిపెట్టిండు" అన్న చోట్లు నాకు ఆ క్యాసెట్‌లో అన్నిటికన్నా ఇష్టమైనవి. పాట ఆగిపోయి కిన్నెర ఒక్కటే నడుస్తుంది. అది గొప్ప సంయమనమనీ, మైల్స్ డేవిస్ కూడా ఇట్లనే ఖాళీలు వదులుతాడనీ నలుగురికి చెప్పి కూడా ఉన్నాను. ఆయాసమట.

జాజ్‌లో ఈ తగువు పాతదే. 1946 జులై 29న చార్లీ పార్కర్ ఒళ్లు తెలియని స్థితిలో 'లవర్ మ్యాన్' వాయించాడు. పాట అతను లేకుండానే మొదలవుతుంది, ఆలస్యంగా అందుకుంటాడు, తడబడతాడు. ఆ తర్వాత ఆసుపత్రి వ్యవహారం. డయల్ కంపెనీ దాన్ని రికార్డుగా వేసి అమ్మింది. పార్కర్ అందుకు చాలా కోపగించుకున్నాడు. వినేవాళ్లలో మాత్రం దాన్ని ఆయన చేసినవాటిలో మేటి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా బీరువాలోనూ ఉంది. ఎన్ని రాత్రులు విన్నానో. అయితే పార్కర్‌కి వందల రికార్డులున్నాయి. ఆ ఒక్క చెడ్డరోజు మిగతా వాటి మధ్యలో ఒక రోజుగా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి చూసుకోవడానికి మంచి రోజులున్నాయి. మా కిన్నెరాయనకు ఉన్నది ఈ ఒక్కటే. దీన్ని బయట పెడితే ఆయన జీవితమంతా జ్వరమే.

వినడానికి ఇష్టమైనదంతా అందరికీ వినిపించాలని పోగేసేవాడికి ఒక దురద ఉంటుంది. నాకూ ఉంది, ఇంకా పోలేదు. కొందరు మిత్రులు "నువ్వు దాచిపెడితే రేపు నీ హార్డ్‌డిస్క్‌తో పాటు పోతుంది, అప్పుడెవరికి లాభం" అంటున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మూడు చోట్ల మూడు కాపీలు పెట్టాను, ఆయన కొడుకుకి ఒక మెమరీ కార్డు ఇచ్చాను, ఆరు శాతం తగ్గించింది. ప్రస్తుతానికి అంతే.

ఇంకో పని మొదలైంది. కొడుకు కూడా పాడతాడు. కిన్నెర ఉంది, కాకపోతే మెట్లు ఊడిపోయి అటక మీద ఉండింది. మైనం పెట్టి మళ్లీ నిలబెట్టుకున్నాడు. పోయిన ఏడు సలేశ్వరం జాతర అయినాక ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి, రెండుసార్లు సాయన్న కథ రికార్డు చేశాను. ఇద్దరం ఒకే చాప మీద కూచున్నాం, మైకు ఆయన మోకాలికి జానెడు దూరంలో. ముట్టాల్సింది ముందే మాట్లాడుకున్నాం, మొదటిసారి ఇచ్చిందే రెండోసారీ ఇచ్చాను. పాస్ బటన్ జోలికి పోలేదు. మాటలు, బీడీ, మధ్యలో చాయ్, మనవడి ఏడుపు, అన్నీ ఉన్నాయి. మొదటిది రెండు గంటల పది నిమిషాలు. రెండోది గంటా నలభై నిమిషాలే, కానీ మొదటిదాంట్లో లేని ఒక ఘట్టం ఉంది, సాయన్న ఎట్ల దొరికాడో ఆ ఘట్టం. మొదటిసారి ఎందుకు వదిలేశావన్నా అంటే, "గప్పుడు మా ఆమె ఎదురుంగ కూసుంది, ఆమె ఏడుస్తదని దాటేసిన" అన్నాడు.

మూడోది ఎప్పుడన్నా అని అడిగితే ఆయనకు అర్థం కాలేదు.

"మొదటిది ఖరాబైందా సార్?"

"లేదన్నా, మంచిగనే ఉంది."

"మరి రెండోది?"

"అది కూడా మంచిగనే ఉంది."

నా వంక అనుమానంగా చూశాడు. చివరికి పత్తి ఏరుడు అయినాక రమ్మన్నాడు.